యోగా టిప్స్: ఒళ్లు అస్సలు వంగట్లేదా? కుర్చీ, గోడ, తువ్వాలు ఉంటే చాలు.. ఈ 10 ఆసనాలతో మొదలుపెట్టండి!

కాళ్లు చాపుకుని కూర్చుంటే చేతులు బొటనవేళ్ల దాకా అందడం లేదా? బాసింపట్టు వేసుకుంటే ఐదు నిమిషాలకే నడుము లాగేస్తోందా? యోగా నా వల్ల కాదని అక్కడే ఆగిపోకండి. బిగుసుకుపోయిన ఒళ్లతోనే మొదలుపెట్టగలిగే 10 తేలికైన ఆసనాలు, వాటిని ఎలా సులువు చేసుకోవాలి, ఎవరు ఏది చేయకూడదు.. పూర్తి వివరాలు ఇక్కడ చూడండి.

ఫోన్‌లో యోగా వీడియో పెట్టగానే ఓ ఇరవై ఏళ్ల అమ్మాయి నవ్వుతూ వంగి తలను మోకాళ్లకు ఆనిస్తుంది. అది చూసి మనం ట్రై చేస్తే చేతివేళ్లు మోకాలి చిప్ప దగ్గరే ఆగిపోతాయి. తొడ వెనక కండ పట్టేస్తుంది. ఇంకాస్త గట్టిగా వంగితే నడుము కలుక్కుమంటుంది. ఆ దెబ్బకు చాప చుట్టేసి మూలన పెట్టేసేవాళ్లే ఎక్కువ. పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే ఐటీ ఉద్యోగులు, రోజంతా షాపులో నిలబడేవాళ్లు, డ్రైవింగ్ చేసేవాళ్లు, నలభై దాటిన గృహిణులు.. అందరిదీ దాదాపు ఇదే కథ.

నిజానికి యోగా అవసరం ఎక్కువగా ఉన్నది వీళ్లకే. కానీ మొదటి వారంలోనే మానేసేదీ వీళ్లే. తప్పు వాళ్ల ఒంటిది కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడమే అసలు సమస్య. మోకాలు కొంచెం మడిచి చేయొచ్చని, కింద దిండు వేసుకోవచ్చని, గోడ పట్టుకోవచ్చని చాలా మందికి ఎవరూ చెప్పరు.

ఆసనం అంటే స్థిరంగా, హాయిగా ఉండాలన్నది పతంజలి యోగసూత్రాలు చెప్పే మాట. కాళ్ల వేళ్లు పట్టుకోవాలని అందులో ఎక్కడా లేదు. శరీరం వణుకుతూ, పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి చేస్తున్నారంటే ఆ ఆసనం మీకు ఇంకా సరిపోలేదని అర్థం. దాన్ని మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోవాలి.

కుర్చీ, బెల్టు సాయం తీసుకుంటే అది అసలు యోగానే కాదని కొందరు అనుకుంటారు. ప్రపంచమంతా గురువుగా భావించే బీకేఎస్ అయ్యంగార్ పద్ధతిలో ఇవే కీలకం. 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టిన ఆయన చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయలతో బాధపడ్డారు. నీరసించిన ఒంటితోనే మైసూరులో యోగా మొదలుపెట్టారు. తర్వాత పుణేలో కుర్చీలు, బెల్టులు, చెక్క దిమ్మెలు, దుప్పట్లు, తాళ్ల సాయంతో వయసు మళ్లినవాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు కూడా ఆసనాలు వేసే పద్ధతిని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చారు. కాబట్టి దిండు వేసుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఒళ్లు ఎందుకు బిగుసుకుపోతుంది?

దీనికి ఒక్క కారణమే ఉండదు. ఎక్కువసేపు ఒకే తీరులో కూర్చోవడం, వయసు, పాత గాయాలు, వ్యాయామం లేకపోవడం, మధుమేహం లాంటి సమస్యలు.. అన్నీ కలిసి కీళ్ల కదలికను తగ్గిస్తాయి. ఎముకల నిర్మాణం కూడా ముఖ్యమే. తుంటి కీలు ఆకారం మనిషికీ మనిషికీ తేడాగా ఉంటుంది. అందుకే కొందరికి ఎన్నేళ్లు సాధన చేసినా పద్మాసనం రాదు. అది లోపం కాదు.

ఇంకో విషయం తెలిస్తే సగం భయం పోతుంది. కండరాన్ని ఒక్కసారిగా లాగితే, అది తెగిపోకుండా కాపాడుకోవడానికి శరీరం దాన్ని వెంటనే బిగించేస్తుంది. ఊగుతూ, కుదుపులతో వంగేవాళ్లకు ఒళ్లు ఇంకా పట్టేసేది అందుకే. నెమ్మదిగా సాగదీసి, ఊపిరి వదులుతూ కాసేపు ఆగితే ఆ బిగువు సడలుతుంది. మొదటి కొన్ని వారాల్లో కనిపించే మార్పు కూడా ఎక్కువగా కండరం పొడవు పెరగడం వల్ల వచ్చేది కాదు. ఆ సాగుదలను తట్టుకోవడం నాడీ వ్యవస్థకు అలవాటవుతుంది. అంటే బలవంతం చేస్తే రాదు, అలవాటు చేస్తే వస్తుంది.

ఒక్కో కండరాన్ని 10 నుంచి 30 సెకన్లు సాగదీసి ఉంచడం, వారానికి కనీసం రెండు మూడు రోజులు చేయడం పెద్దవాళ్లకు సాధారణంగా సూచించే కొలత. వయసు పైబడినవాళ్లు 30 నుంచి 60 సెకన్ల దాకా ఉంచితే మేలు. రోజూ గంటసేపు చేయాలన్న రూలేమీ లేదు.

మొదలుపెట్టే ముందు ఇవి రెడీ చేసుకోండి

కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్నవే చాలు.

* జారని చాప లేదా యోగా మ్యాట్. టైల్స్ మీద దుప్పటి పరిస్తే జారుతుంది, జాగ్రత్త.
* గట్టి కుర్చీ ఒకటి. చేతులు లేని చెక్క లేదా ఇనుప కుర్చీ మేలు. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ జారిపోతుంది కాబట్టి వెనక గోడకు ఆనించి పెట్టండి.
* రెండు దిండ్లు, మడతపెట్టిన దుప్పటి ఒకటి.
* పొడవాటి తువ్వాలు లేదా పాత చున్నీ. బెల్టులా వాడటానికి.
* కాస్త ఖాళీ గోడ.

ఫోన్‌లో వీడియో చూస్తూ చేసేవాళ్లు మరో జాగ్రత్త తీసుకోవాలి. ఆసనంలో ఉండి మెడ తిప్పి స్క్రీన్ చూడటం వల్లే చాలా మందికి మెడ పట్టేస్తుంది. ముందు వీడియో మొత్తం ఒకసారి చూసేయండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి చేయండి.

ఏ టైమ్‌లో చేస్తే మంచిది? పొద్దున్నే చేయడం మంచి అలవాటే. కానీ ఒళ్లు బాగా బిగుసుకుపోయినవాళ్లు నిద్ర లేచిన వెంటనే ముందుకు వంగే ఆసనాలు వేయొద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని కాస్త ఉబ్బుతాయి. లేచిన తొలి గంటలో నడుము మొండికేసేది అందుకే. కాసేపు నడిచి, స్నానం చేసి, ఇంట్లో పనులు కొన్ని చూసుకున్నాక చేయండి. సాయంత్రం చేసినా తప్పేం లేదు. అన్నం తిన్నాక మాత్రం రెండు మూడు గంటలు ఆగండి.

మొదట మూడు నిమిషాలు వార్మప్ చేయాలి. నిలబడిన చోటే నడక, భుజాలు ముందుకీ వెనక్కీ పదేసి సార్లు తిప్పడం, మడమలు ఎత్తి దించడం, మెడను నెమ్మదిగా కుడికీ ఎడమకీ తిప్పడం సరిపోతుంది. మెడను గుండ్రంగా గిరగిరా తిప్పొద్దు.

1. సుఖాసనం.. దిండు మీద

మన దగ్గర బాసింపట్టు, సక్లముక్లం అని పిలిచే మామూలు కూర్చోవడమే ఇది. పూజలకూ పంక్తి భోజనాలకూ పనికొచ్చేదే. అయితే కుర్చీలకు అలవాటు పడ్డాక ఇదే కష్టమవుతోంది.

ఎలా చేయాలి: నేల మీద నేరుగా కూర్చోకండి. మడతపెట్టిన దుప్పటి లేదా గట్టి దిండు అంచున కూర్చుని కాళ్లు మడవండి. మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉంటే నడుము వెనక్కి గూనిలా వంగుతుంది. కాబట్టి మోకాళ్లు తుంటికి సమానంగా లేదా కాస్త కిందికి వచ్చేదాకా ఎత్తు పెంచండి. గాల్లో తేలుతున్న మోకాళ్ల కింద చెరో దిండు పెట్టండి. వీపు నిటారుగా ఉంచి రెండు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. మధ్యలో కాళ్లు మార్చండి.

ఇదీ కష్టమైతే: గోడకు వీపు ఆనించండి. మోకాలు నొప్పి ఉంటే కుర్చీలోనే కూర్చుని రెండు పాదాలు నేలకు ఆనించండి.

2. తాడాసనం

చూడటానికి ఊరికే నిలబడినట్టే ఉంటుంది. కానీ మనం ఎంత వంకరగా నిలబడుతున్నామో మొదట తెలిసేది ఇక్కడే.

ఎలా చేయాలి: గోడకు వీపు పెట్టి నిలబడండి. పాదాల మధ్య జానెడు దూరం ఉండాలి. మడమలు గోడకు రెండు మూడు అంగుళాల ముందు ఉంచండి. పిరుదులు, వీపు పైభాగం గోడకు తాకాలి. తల వెనక్కి తాకకపోతే బలవంతంగా నెట్టొద్దు. ఊపిరి తీసుకుంటూ రెండు చేతులూ ముందు నుంచి పైకి ఎత్తండి. చెవుల దాకా రాకపోయినా పర్లేదు, వచ్చినంత వరకే. ఐదు శ్వాసలు ఉండి ఊపిరి వదులుతూ దించండి. ఇలా మూడు సార్లు.

ఇదీ కష్టమైతే: భుజం పట్టేసినవాళ్లు అరచేతులను గోడకు పెట్టి, వేళ్లతో గోడ ఎక్కుతున్నట్టు కొంచెం కొంచెంగా పైకి జరపండి. కళ్లు తిరుగుతుంటే కూర్చుని చేయండి.

3. గోడ ఆసరాతో అర్ధ ఉత్తానాసనం

వంగి పాదాలు పట్టుకునే ఆసనానికి బదులు మొదట్లో ఇదే చేయాలి. తొడ వెనక కండరాలు, వీపు, భుజాలు ఒకేసారి సాగుతాయి. వంటింటి గట్టు పట్టుకుని కూడా చేయొచ్చు. కుక్కర్ విజిల్ వచ్చేలోపు అయిపోతుంది.

ఎలా చేయాలి: గోడకు ఎదురుగా నిలబడి అరచేతులను నడుము ఎత్తులో గోడకు ఆనించండి. నెమ్మదిగా అడుగులు వెనక్కి వేస్తూ తుంటి దగ్గర వంగండి. వీపు బల్లపరుపుగా, తల రెండు చేతుల మధ్య ఉండాలి. మోకాళ్లు కొద్దిగా మడిచే ఉంచండి. ఇది చాలా ముఖ్యం. మోకాళ్లు బిగపడితే ఆ లాగుడంతా నడుము మీద పడుతుంది. ఐదు శ్వాసల తర్వాత అడుగులు ముందుకు వేస్తూ లేవండి.

ఇదీ కష్టమైతే: చేతులు ఛాతీ ఎత్తుకు పెంచండి. వంపు తగ్గుతుంది.

4. వృక్షాసనం.. ఒక చెయ్యి గోడ మీద

వయసు పెరిగేకొద్దీ తూలిపోకుండా నిలబడగలగడం చాలా ముఖ్యం. 65 ఏళ్లు దాటినవాళ్లు వారంలో కనీసం మూడు రోజులు బ్యాలెన్స్ పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

ఎలా చేయాలి: గోడ పక్కన నిలబడి ఒక చెయ్యి దానిపై ఉంచండి. బరువంతా ఒక కాలి మీదికి తెచ్చి, రెండో పాదం మడమను మొదటి కాలి చీలమండకు ఆనించండి. వేళ్లు నేలకే తాకి ఉండనివ్వండి. అలవాటయ్యాక పాదాన్ని పిక్క దాకా ఎత్తండి. మోకాలి పక్కన మాత్రం పాదం పెట్టొద్దు, కీలు మీద ఒత్తిడి పడుతుంది. చూపు ఎదురుగా ఒకే చోట నిలపండి. ఒక్కో వైపు 20 సెకన్లు చాలు.

5. మార్జాలాసనం

పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు ఉండే ఆసనం. రోజంతా కూర్చున్న వెన్నుకు దీన్ని మించిన హాయి లేదు. పది ఆసనాల్లో ఏదో ఒక్కటే చేసే టైమ్ ఉందంటే దీన్ని ఎంచుకోండి.

ఎలా చేయాలి: మోకాళ్ల కింద దుప్పటి వేసుకుని చేతులు, మోకాళ్ల మీద నిలవండి. భుజాల కింద అరచేతులు, తుంటి కింద మోకాళ్లు ఉండాలి. ఊపిరి తీసుకుంటూ పొట్టను కిందికి వదిలి ఛాతీని ముందుకు, పైకి తేవాలి. ఊపిరి వదులుతూ వీపును పైకి గుండ్రంగా వంచి గడ్డాన్ని లోపలికి తేవాలి. తొందర లేకుండా 8 నుంచి 10 సార్లు.

ఇదీ కష్టమైతే: కుర్చీ అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టి అచ్చం ఇలాగే వీపును ముందుకీ వెనక్కీ కదపండి. ఆఫీసులో కూడా చేసేయొచ్చు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకూ ఇదే మేలు.

6. భుజంగాసనం.. మోచేతుల మీద

ఫొటోల్లో చేతులు నిటారుగా పెట్టి నడుము బాగా వెనక్కి వంచి కనిపిస్తారు. కొత్తవాళ్లు అలా చేస్తే వంపు అంతా నడుము కింది భాగంలోనే పడుతుంది. అందుకే తక్కువ ఎత్తుతో మొదలుపెట్టాలి.

ఎలా చేయాలి: బోర్లా పడుకుని మోచేతులను భుజాల కిందికి తేవాలి. ముంజేతులు నేలపై ఉంచి, ఛాతీని ముందుకు లాగుతున్నట్టు కొద్దిగా ఎత్తండి. నాభి దాకా పొట్ట నేలకే ఉండాలి. మెడ వెనక్కి విరవకుండా చూపు ఎదురుగా ఉంచండి. ఐదు శ్వాసలు, రెండు సార్లు.

వీళ్లు చేయొద్దు: గర్భిణులు, ఇటీవల పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు. వెనక్కి వంగితే కాళ్లలోకి నొప్పి పాకేవాళ్లు కూడా డాక్టర్‌ను అడగకుండా చేయకూడదు.

7. బాలాసనం.. రెండు దిండ్లతో

దీన్ని విశ్రాంతి ఆసనం అంటారు. కానీ మోకాళ్లు, పాదాలు బిగుసుకుపోయినవాళ్లకు ఇందులో విశ్రాంతి దొరకదు, నరకం కనిపిస్తుంది. రెండు దిండ్లు ఆ సమస్య తీరుస్తాయి.

ఎలా చేయాలి: మోకాళ్లు కాస్త ఎడంగా పెట్టి వజ్రాసనంలో కూర్చోవాలి. పిరుదులకూ మడమలకూ మధ్య ఒక దిండు పెట్టండి. ముందు ఇంకో దిండు నిలువుగా పెట్టి దాని మీదికి ఒరిగిపోండి. తల ఒక పక్కకు తిప్పి, మధ్యలో రెండో పక్కకు మార్చండి. నిమిషం సేపు ఉండండి.

ఇదీ కష్టమైతే: కుర్చీలో కూర్చుని టేబుల్ మీద చేతులు మడిచి తల వాల్చండి. స్కూల్లో బెంచీ మీద పడుకున్నట్టే. వీపు వెనక అదే హాయి దొరుకుతుంది. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకు, మోకీళ్ల అరుగుదల ఎక్కువ ఉన్నవాళ్లకు ఈ పద్ధతే సరైనది.

8. సేతుబంధాసనం

కూర్చుని కూర్చుని పిరుదులు, తొడల కండరాలు బలహీనపడతాయి. వాటి పని కూడా నడుమే చేయాల్సి వస్తుంది. ఈ ఆసనం ఆ కండరాలకు మళ్లీ పని చెబుతుంది. ఒళ్లు వంగకపోయినా చేయగలగడం దీనిలో ప్లస్ పాయింట్.

ఎలా చేయాలి: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. పాదాల మధ్య జానెడు దూరం ఉండాలి. ఊపిరి వదులుతూ పాదాలతో నేలను నొక్కి నడుమును పైకి ఎత్తండి. నాలుగైదు అంగుళాలు లేచినా చాలు. మూడు శ్వాసలు ఉండి వెన్నుపూసలను ఒక్కొక్కటిగా కిందికి దించండి. ఐదు సార్లు.

గుర్తుంచుకోండి: నడుము పైకి ఉన్నప్పుడు తల పక్కకు తిప్పొద్దు. టీవీ వైపు చూడటం, ఎవరైనా పిలిస్తే తిరగడం లాంటివి మెడకు ప్రమాదం.

9. సుప్త పాదాంగుష్ఠాసనం.. తువ్వాలుతో

తొడ వెనక కండరాలు బిగుసుకుపోయినవాళ్లకు అసలైన మందు ఇదే. వెన్ను నేల మీద ఉంటుంది కాబట్టి నిలబడి వంగేటప్పుడు నడుముపై పడే భారం ఇక్కడ పడదు.

ఎలా చేయాలి: వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ మడవండి. ఒక పాదం నేల మీదే ఉంచి, రెండో పాదం మధ్యలో తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకోండి. ఆ కాలిని మెల్లగా పైకి చాపండి. మోకాలు పూర్తిగా నిటారు కాకపోయినా పర్లేదు. కాలు 90 డిగ్రీలు రావాల్సిన పని లేదు, 50 డిగ్రీల దగ్గర ఆగినా అది మీ 90. తొడ మధ్యలో లాగినట్టు తెలియాలి. 30 సెకన్లు ఉంచి దించండి. ఒక్కో కాలికి రెండు సార్లు.

ఆపేయాల్సిన సమయం: మోకాలి వెనకో, పిక్కలోనో, పాదంలోనో కరెంట్ షాక్ కొట్టినట్టు, తిమ్మిరి ఎక్కినట్టు ఉంటే అది కండరం సాగడం కాదు. నరం మీద ఒత్తిడి పడుతోందన్నమాట. వెంటనే కాలు దించేయండి. సయాటికా ఉన్నవాళ్లు నిపుణుల పర్యవేక్షణలోనే చేయాలి.

10. శవాసనం

టైమ్ అయిపోయిందని చాలా మంది దీన్ని వదిలేస్తారు. శ్వాస, గుండె వేగం మామూలు స్థితికి వచ్చేది ఇక్కడే. కాబట్టి మానొద్దు.

ఎలా చేయాలి: వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టండి. నడుము నొప్పి ఉన్నవాళ్లకు దీనివల్ల చాలా తేడా తెలుస్తుంది. తల కింద పలుచని దుప్పటి. చేతులు ఒంటికి కాస్త దూరంగా, అరచేతులు పైకి. ఐదు నిమిషాలు. కావాలంటే పిక్కలను కుర్చీ మీద పెట్టుకోవచ్చు, నిలబడి పనిచేసేవాళ్లకు కాళ్లు తేలికపడతాయి. లేచేటప్పుడు నేరుగా లేవకుండా ఒక పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేవండి.

నాలుగు వారాల ప్లాన్ ఇదీ

మొదటి రోజే పదీ చేసేయాలని చూడొద్దు. రెండో రోజు ఒళ్లు నొప్పులతో మంచం దిగలేక మానేస్తారు. ఇలా పెంచుకుంటూ వెళ్లండి.

* మొదటి వారం: సుఖాసనం, తాడాసనం, మార్జాలాసనం, శవాసనం. పది పన్నెండు నిమిషాలు.
* రెండో వారం: వీటికి గోడ ఆసరాతో అర్ధ ఉత్తానాసనం, తువ్వాలుతో సుప్త పాదాంగుష్ఠాసనం కలపండి.
* మూడో వారం: సేతుబంధాసనం, వృక్షాసనం కలపండి.
* నాలుగో వారం: భుజంగాసనం, బాలాసనం కలపండి. వార్మప్‌తో కలిపి మొత్తం 25 నిమిషాలు పడుతుంది.

వారానికి నాలుగైదు రోజులు చేసినా చాలు. ఒక రోజు మిస్ అయితే మర్నాడు డబుల్ చేయడం మాత్రం వద్దు.

ఇంకో మాట. ఈ ఆసనాలు నడకకు బదులు కాదు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వేగంగా నడవడం దానికి లెక్కకు వస్తుంది. యోగా దానికి తోడుగా ఉండాలి.

నొప్పికీ, సాగుదలకూ తేడా ఎలా తెలుస్తుంది?

నొప్పి పుడితేనే పని చేస్తున్నట్టు అనే నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. గాయాలకు మొదటి కారణం ఇదే. ఈ మూడు గుర్తులు చూసుకోండి.

* లాగుడు కండ మధ్యలో తెలిస్తే సరే. కీలు లోపల, మోకాలి చిప్ప దగ్గర, వెన్నుపూస మీద గుచ్చినట్టు ఉంటే ఆపేయండి.
* ఆసనంలో ఉండి మామూలుగా మాట్లాడగలగాలి. ఊపిరి ఆగిపోతోందంటే రెండు అంగుళాలు వెనక్కి రండి.
* మర్నాడు కాస్త ఒళ్లు నొప్పి ఉండటం మామూలే. మూడు రోజులు దాటినా తగ్గకపోతే, లేదా రాత్రి నిద్ర చెడిపోతుంటే డాక్టర్‌కు చూపించుకోండి.

పక్కన ఎవరైనా ఉంటే వీపు మీద చెయ్యి పెట్టి కిందికి నొక్కడం కూడా చాలా చోట్ల చూస్తుంటాం. ఇంట్లో పిల్లలైనా, క్లాసులో టీచర్ అయినా అలా నొక్కుతుంటే వద్దని చెప్పేయండి. మీ కండరం ఎక్కడ ఆగాలో వాళ్లకు తెలియదు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

బీపీ ఉన్నవాళ్లు: ఊపిరి బిగబట్టొద్దు. తల గుండె కంటే కిందికి వెళ్లే ఆసనాలు మానుకోండి. అదుపులో లేని బీపీ అయితే ముందు డాక్టర్ సలహా తీసుకోవాలి. బీపీ మాత్రలు వాడేవాళ్లు కింద నుంచి ఒక్కసారిగా లేవొద్దు, కళ్లు తిరిగే అవకాశం ఉంటుంది.

గ్లకోమా ఉన్నవాళ్లు: అధోముఖ శ్వానాసనం, నిలబడి పూర్తిగా వంగే ఉత్తానాసనం, హలాసనం, గోడకు కాళ్లు ఎత్తి పెట్టే విపరీత కరణి.. ఈ నాలుగింటిలోనూ కంటి లోపలి ఒత్తిడి పెరిగినట్టు 2015లో ప్రచురితమైన ఓ పరిశోధన తేల్చింది. పై పది ఆసనాల్లో ఇవి లేవు. అయినా కంటి డాక్టర్‌కు చెప్పి మొదలుపెట్టండి.

ఎముకలు గుల్లబారినవాళ్లు: వీపును గుండ్రంగా ముందుకు వంచడం, బాగా మెలితిప్పడం వల్ల వెన్నుపూసలకు చిట్లే ప్రమాదం ఉంది. మార్జాలాసనంలో వీపు పైకి వంచే భాగం వదిలేయండి. బాలాసనం కూడా వద్దు.

గర్భిణులు: బోర్లా పడుకునేవి చేయకూడదు. నెలలు నిండేకొద్దీ ఎక్కువసేపు వెల్లకిలా పడుకోవడం కూడా మంచిది కాదు. గర్భిణులకు ప్రత్యేకంగా నేర్పే క్లాసులకే వెళ్లండి.

షుగర్ ఉన్నవాళ్లు: పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే వృక్షాసనం గోడ లేకుండా చేయొద్దు. ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కువసేపు చేయకూడదు.

నడుము నొప్పికి పనిచేస్తుందా?

చాలా మంది అడిగే ప్రశ్న ఇది. దీర్ఘకాలంగా వేధించే నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ పద్ధతుల్లో యోగాను కూడా అమెరికాలోని ఫిజీషియన్ల సంఘం 2017లో తన మార్గదర్శకాల్లో చేర్చింది. అదే ఏడాది బోస్టన్‌లో 320 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. నొప్పి తగ్గించడంలో యోగా ఫిజియోథెరపీకి ఏమాత్రం తీసిపోలేదని అందులో తేలింది. కానీ ఆ క్లాసుల్లో నేర్పినవి తేలికైన ఆసనాలే, సర్కస్ ఫీట్లు కావు.

అయితే నడుము నొప్పితో పాటు కాలు బలహీనపడటం, మూత్రం మీద అదుపు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి ఉంటే యోగాతో టైమ్ వేస్ట్ చేయొద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మార్పు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది. 2025లో ప్రధాన వేడుకకు విశాఖ ఆర్కే బీచ్ వేదికైంది. ఆ ఒక్క రోజు జోష్‌లో మొదలుపెట్టి, జులై వచ్చేసరికి మానేసేవాళ్లు మన చుట్టూ ఎంతో మంది. మార్పు కనపడకపోవడమే దానికి కారణం. బొటనవేలు అందిందా లేదా అని రోజూ చూసుకుంటే నిరాశే మిగులుతుంది.

దాని బదులు ఈ పనులు గమనించండి. కుర్చీలో కూర్చోకుండానే సాక్సులు వేసుకోగలుగుతున్నారా? కారు రివర్స్ చేసేటప్పుడు మెడ వెనక్కి తిరుగుతోందా? అటక మీద డబ్బా అందుతోందా? నేల మీద కూర్చుని చేతులు ఊనకుండా, లేదా ఒక్క చేతి సాయంతో లేవగలుగుతున్నారా? పొద్దున లేవగానే నడుము పట్టుకోవడం తగ్గిందా? రోజు మార్చి రోజు చేసినా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వీటిలో ఏదో ఒక తేడా చాలా మందికి తెలుస్తుంది.

ఇంట్లో అమ్మానాన్నలు ఉంటే వాళ్లకూ ఇవే నేర్పండి. మొదట కుర్చీలో చేసే పద్ధతులతో మొదలుపెట్టించి, నిలబడి చేసేటప్పుడు పక్కన మీరు ఉండండి. కింద కూర్చుని లేవగలగడం, తూలకుండా నడవగలగడం.. వయసు మీద పడ్డాక ఒకరి మీద ఆధారపడకుండా బతకడానికి కావాల్సింది ఇవే. తల మోకాళ్లకు ఆనకపోతే ఎవరికీ నష్టం లేదు.

గమనిక: ఈ కథనంలోని వివరాలు అవగాహన కోసం మాత్రమే. వైద్య సలహాకు ఇవి ప్రత్యామ్నాయం కావు. ఆరోగ్య సమస్యలు, పాత గాయాలు, ఆపరేషన్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ను లేదా శిక్షణ పొందిన యోగా టీచర్‌ను సంప్రదించిన తర్వాతే సాధన మొదలుపెట్టాలి.